మీటరు కేబుల్ ఎందుకు తెగుతుంది: పాత ట్రాక్టర్లు, జనరేటర్ల ఆర్‌పీఎం మీటరు బాగుచేత

డెల్టాలో వరి కోశాక మాగాణిలో వేసిన మినుము నూర్పిడికి వచ్చేసరికి పాత ట్రాక్టరు మీటరు గుర్తొస్తుంది. నూర్పిడి మిషను డ్రమ్ము వేగం ఎక్కువైతే గింజ బద్దలవుతుంది, తక్కువైతే కాయ పగలదు. ట్రాక్టరు వెనక పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరగాలన్న లెక్క మీదే ఇలాంటి పనిముట్లన్నీ తయారయ్యాయి. ఇంజను ఎంత వేగంలో ఉంటే ఆ 540 వస్తుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, చాలా మీటర్లలో డయల్ మీదే ఆ చోట గుర్తు వేసి ఉంటుంది. ముల్లు చచ్చిపోతే ఇక చెవే ఆధారం. అనుభవం ఉన్న డ్రైవరు చెవి గట్టిదే, కానీ సైలెన్సరు మార్చిన రోజున అదీ మోసం చేస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌కు గానీ గుంటూరు ఆటోనగర్‌కు గానీ బండి వచ్చి "మీటరు పనిచేయట్లేదు" అన్నారంటే, పదిలో ఎక్కువసార్లు జరిగేది ఒకటే: ఇంజను తిప్పుడును మీటరుకు చేర్చే కేబుల్ మారుస్తారు. కొన్నాళ్ళు నడుస్తుంది, మళ్ళీ తెగుతుంది. ఈసారి "డూప్లికేటు కేబుల్" అని దుకాణం మీద నింద పడుతుంది. ఒక్కోసారి అది నిజమే. కానీ కేబుల్ దానంతటదే తెగడం అరుదు. దాన్ని తెంచేది పైన మీటరులోనో, కింద ఇంజను దగ్గరి గేరులోనో, మధ్యలో వంపులోనో ఉంటుంది. అది దొరక్కుండా కొత్త కేబుల్ వేయడం, చిల్లు పూడ్చకుండా బిందె నింపినట్టే.

మూడు ముక్కల యంత్రం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో కవాటాలను తెరిచే క్యామ్ షాఫ్టు, పిస్టన్లు తిప్పే క్రాంక్ వేగంలో సగం తిరుగుతుంది. చాలా పాత డీజిల్ ఇంజన్లలో మీటరు డ్రైవు ఈ క్యామ్ షాఫ్టు నుంచో, దాని మీద నడిచే ఆయిల్ పంపు షాఫ్టు నుంచో ఒక చిన్న ఏటవాలు పళ్ళ గేరు ద్వారా వస్తుంది. కొన్నిటిలో డైనమో వెనక నుంచీ తీస్తారు. ఇంజను 2000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 2000 చుట్ల వేగంలో ఉన్నప్పుడు సగం వేగపు డ్రైవయితే కేబుల్ లోపలి తీగ నిమిషానికి 1000 చుట్లు, అంటే గంటకు 60,000 చుట్లు తిరుగుతుంది. ఈ లెక్క గుర్తుంటే చిన్న రాపిడి ఎంత త్వరగా పెద్ద అరుగుదల అవుతుందో తెలుస్తుంది.

కేబుల్‌లో రెండు భాగాలు. బయటిది అవుటరు: ఉక్కు చుట్ట, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. లోపలిది ఇన్నరు: సన్నటి ఉక్కు తీగలను పొరమీద పొర, ఒక్కో పొర ఒక్కో దిక్కుకు చుట్టి చేసింది, మామూలుగా 3 మిల్లీమీటర్ల పైచిలుకు మందం. రెండు చివరలా నలుచదరంగా నొక్కి ఉంటుంది. ఆ చదరపు కొన కింద డ్రైవు షాఫ్టు గుంటలోనూ, పైన మీటరు గుంటలోనూ కూర్చుంటుంది.

మీటరు లోపల ఇన్నరు తిప్పేది ఒక శాశ్వత అయస్కాంతాన్ని. దాన్ని తాకకుండా చుట్టూ ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి గిన్నెను వెంట లాగుతాయి. గిన్నెకు బిగించిన వెంట్రుకంత స్ప్రింగు ఆ లాగుడును ఆపుతుంది. రెండూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. వేగం రెట్టింపైతే లాగుడూ రెట్టింపవుతుంది కాబట్టే డయల్ మీద గీతలు సమాన దూరంలో ఉంటాయి. ఈ పద్ధతికి జర్మనీలో ఒట్టో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్నాడు. మూల సూత్రం ఆనాటి నుంచీ అదే.

అదే అయస్కాంతపు షాఫ్టు మీద మర గేరు ఒకటి గంటల అంకెలను తిప్పుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ మీటరు గంటలను లెక్కపెట్టదు, చుట్లను లెక్కపెడుతుంది. 1500 ఆర్‌పీఎం ఆధారంగా చేసిన మీటరయితే 90,000 ఇంజను చుట్లకు ఒక గంట వేస్తుంది. బండి 750 దగ్గర ఊరికే రెండు గంటలు ఆడితే మీటరులో పడేది ఒక్క గంటే. ఆయిల్ మార్చే గడువులు ఈ మీటరును చూసే పెట్టుకుంటారు కనుక, కేబుల్ తెగి రెండు నెలలు తిరిగిన బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఎవరికీ తెలియకుండా పోతుంది.

విప్పకముందే చాలావరకు తెలుస్తుంది

ముల్లు, గంటల అంకెలు రెండూ ఆగితే తప్పు కేబుల్‌లోనో డ్రైవులోనో ఉంది. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే కదలకపోతే కేబుల్ జోలికి పోవద్దు, తప్పు మీటరు పెట్టెలోనే. ముల్లు ఆడుతూ అంకెలు ఆగినా అంతే. లోపలి మర గేరు అరిగింది.

ముల్లు తక్కువ వేగంలో అటూ ఇటూ ఊగుతూ, వేగం పెంచితే కుదురుకుంటుంటే, ఇన్నరు పొడిగా ఉందో నులిపడిందో అర్థం. తీగ ఎక్కడో పట్టుకుని మెలితిరుగుతుంది, మెలిక బలం చాలాక వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఆ పట్టూ విడుపే ముల్లు ఊపుగా కనిపిస్తుంది. ముల్లు ఒక్కసారిగా డయల్ చివరికి పరుగెత్తిందంటే గిన్నె అయస్కాంతాన్ని తాకుతోంది, లేదా రెండింటి మధ్యకు ఆయిల్ చేరింది. నిజం వేగానికి సరిగ్గా సగమో రెట్టింపో చూపిస్తే ఏదీ పాడవలేదు, ఇంజను వేగానికీ కేబుల్ వేగానికీ మధ్య వేరే నిష్పత్తికి చేసిన మీటరు తెచ్చి పెట్టారంతే. పాత సామాన్ల దుకాణంలో కొన్న మీటర్లతో ఇది మామూలే. కొన్ని డయళ్ళ మీద నిష్పత్తి చిన్న అక్షరాలతో అచ్చేసి ఉంటుంది, కొనేముందు చూసుకోవాలి.

తర్వాత మీటరు వెనక నట్టు విప్పి కేబుల్ పై కొన బయటికి తీయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ఆపే లీవరు లాగి పట్టుకుని, స్టార్టరు కొట్టించండి. కొన నింపాదిగా, కుదుపు లేకుండా తిరగాలి. గుడ్డ ముక్కతో మెల్లగా పట్టుకుంటే కాస్త బలంగా తోయాలి. పట్టుకోగానే ఆగి, వదలగానే తిరుగుతుంటే కింద చదరపు కొన గుండ్రబడింది. ఈ పరీక్ష స్టార్టరు మీదే చేయాలి, ఇంజను నడుస్తుండగా కాదు.

కేబుల్ విప్పి ఉండగానే ఇంకో పరీక్ష కూడా చేసెయ్యండి, చాలామంది వదిలేసేది ఇదే. చదరంగా సానపట్టిన చిన్న పుల్లను మీటరు గుంటలో పెట్టి వేళ్ళతో తిప్పండి. ఈకలా తిరగాలి. బరువుగా ఉంటే, కొద్దిసేపు ఆగి మళ్ళీ పట్టుకుంటే, పాత కేబుల్‌ను తెంచింది ఎవరో దొరికినట్టే. మీటరు లోపల షాఫ్టు తిరిగే లోహపు గొట్టంలో, అంటే బుష్‌లో, ఎండిపోయిన గ్రీసు షాఫ్టును పట్టేస్తుంది, అప్పుడు కింద గేరుకూ పైన మీటరుకూ మధ్య బలహీనమైన ఇన్నరు బలవుతుంది.

తెగిన చోటు కూడా చెబుతుంది. పై కొన దగ్గర తెగితే మీటరు బిగిసింది. మధ్యలో తెగితే అక్కడ వంపు గట్టిది, లేదా సైలెన్సరు వేడికి లోపల గ్రీసు కాలిపోయింది. కింది కొన నున్నగా గుండ్రబడితే ఇన్నరు పొట్టిదైంది, లేదా డ్రైవు బుష్ అరిగి షాఫ్టు ఊగుతోంది.

కింద డ్రైవు

డ్రైవు పెట్టె విప్పేముందు చుట్టూ మట్టి డీజిల్‌తో కడిగేయాలి. దమ్ము చేసిన బండికి ఇక్కడ బురద గట్టిపడి ఉంటుంది, అది ఇంజనులోకి రాలితే చిన్న పని పెద్ద పనవుతుంది. గేరు బయటికి తీశాక పళ్ళు చూడండి. ఫైబరు, ప్లాస్టిక్ గేర్లయితే పళ్ళు ఒక పక్కే కత్తిలా అరుగుతాయి. ఒకటో రెండో పళ్ళు ఊడి ఉంటే ఆ ముక్కలు ఇంజను అడుగున ఆయిల్ ఉండే సంపులో ఉన్నట్టే లెక్క. తర్వాతిసారి సంపు దించినప్పుడు ఆయిల్ జల్లెడ చూడటం మరవకూడదు. గేరును షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న పిన్ను తెగిందేమో కూడా చూడాలి. గేరు బాగానే కనిపిస్తుంది, షాఫ్టు మాత్రం తిరగదు. ఇది ఎందరినో తికమక పెట్టిన లోపం. తెగిన పిన్ను బదులు మేకు ముక్క కొట్టకండి. పైన మీటరు పట్టేస్తే ఈసారి పిన్నుకు బదులు గేరు పళ్ళు పోతాయి.

షాఫ్టును పట్టుకుని అటూ ఇటూ ఊపితే చేతికి స్పష్టంగా తెలిసేంత ఆట ఉంటే బుష్ మార్చాలి. లేతు పనివారి చేత ఫాస్ఫరు బ్రాంజ్ బుష్ చేయించుకోవచ్చు. 8 మిల్లీమీటర్ల షాఫ్టుకు 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్ల ఖాళీ చాలు. బుష్‌ను ప్రెస్ చేసేటప్పుడు లోపలి రంధ్రం కాస్త బిగుసుకుంటుంది కాబట్టి రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే చివరి రీమరు, బుష్ లోపల కూర్చోబెట్టాకే వేయాలి. ఆయిల్ పీల్చుకునే రకం సింటరు బుష్ అయితే రీమరు వేయొద్దు, వేస్తే ఆయిల్ పట్టే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. దాన్ని రాత్రంతా ఇంజను ఆయిల్‌లో నానబెట్టి సరైన కొలత ఉన్న నున్నటి కడ్డీతో (మాండ్రిల్) నొక్కాలి.

ఆయిల్ సీలు సంగతి విడిగా చెప్పాలి. సీలు పోతే ఆయిల్ కారి నేల మీద పడుతుందని అనుకుంటాం. ఇక్కడ పైకి ఎక్కుతుంది. ఇన్నరు పైపొర మర మాదిరిగా చుట్టి ఉంటుంది. దిక్కు కలిసొస్తే అది తిరుగుతూ ఆయిల్‌ను మెట్టుమెట్టుగా మీటరు దాకా మోసుకుపోతుంది. అద్దం లోపల ఆయిల్ మరక కనిపించిందంటే మీటరు కన్నా ముందు కింద సీలు మార్చాలి. సీలు పెదవి ఇంజను ఆయిల్ వైపు ఉండాలి. షాఫ్టు మీద సీలు గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి నొక్కితే పెదవి కొత్త చోట కూర్చుంటుంది. ఓరింగు, ప్యాకింగు పాతవి తిరిగి వాడకండి.

కేబుల్ కొనడం, వేయడం

దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత కేబుల్ వెంట తీసుకెళ్ళాలి. మోడల్ పేరు చెప్పి తెచ్చుకుంటే తిరిగి రావలసి రావచ్చు. నాలుగు కొలతలు కలవాలి: అవుటరు పొడవు, ఇన్నరు పొడవు, రెండు చివరలా చదరపు కొన మందం, నట్టు మర. నట్టు మర చేత్తో మూడు చుట్లు సాఫీగా ఎక్కకపోతే వద్దనాలి. మీటరు మెడ మెత్తటి లోహం, బలవంతం చేస్తే మర పోతుంది.

ఇన్నరు పొడవే అసలు కీలకం. కింద డ్రైవు గుంటలో పూర్తిగా కూర్చోబెట్టాక, మీటరు వైపు అవుటరు అంచు దాటి సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్లు పొడుచుకు రావాలి. చాలా మీటర్లకు ఇది సరిపోతుంది. అయినా గుంట లోతును అగ్గిపుల్లతో కొలిచి, దానికన్నా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా చూసుకోవడం మేలు. పొడవైతే నట్టు బిగించినప్పుడు ఇన్నరు అయస్కాంతపు షాఫ్టును పైకి తోస్తుంది. మొదట కీచుమని అరుస్తుంది, తర్వాత మీటరు చస్తుంది. కొత్త కేబుల్ వేసిన మర్నాడే మీటరు అరుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పొట్టిదైతే చదరపు కొన గుంట అంచునే పట్టుకుని, కొద్ది రోజుల్లో గుండ్రబడుతుంది.

చుట్టిన దిక్కు కూడా చూడాలి. తిరిగేటప్పుడు పైపొర బిగుసుకోవాలి; విచ్చుకుంటే లావెక్కి అవుటరును రాసి తెగుతుంది. ఎడమా కుడీ అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇన్నరు మీటరు వైపు కొనను బెంచి వైసులో మెల్లగా పట్టించి, డ్రైవు వైపు కొనను ఇంజను తిప్పే దిక్కుకే వేళ్ళతో మెలిపెట్టండి. పోగులు దగ్గరపడితే సరైనది. విడిపోతే తిరిగి ఇచ్చేయండి.

సరైన పొడవు దొరక్క కోయించుకోవాల్సి వస్తే, కోసే చోట ముందు టంకం పట్టించి, టంకం మధ్యలో సన్న డిస్కుతో కోయాలి. టంకం లేకుండా కటింగ్ ప్లయరుతో కోస్తే పోగులు చీపురులా విచ్చుకుంటాయి, తిరిగి చేరవు. తర్వాత చదరపు డైలో కొన నొక్కాలి. గ్యాసు మంటతో వేడి చేస్తే ఆ చోట ఉక్కు మెత్తబడుతుంది, అక్కడే తెగుతుంది. టంకం కడ్డీ వేడి సరిపోతుంది.

వేసేముందు ఇన్నరు బయటికి లాగి, రెండు కొనలూ రెండు చేతులతో పట్టుకుని ఉయ్యాల తాడులా వేలాడదీయండి. ఒక కొన తిప్పితే రెండోది వెంటనే తిరగాలి. ఆగి ఎగిరిందంటే నులి ఉంది. అద్దం ముక్క మీద దొర్లించినా నులి ఉన్నచోట పైకి లేస్తుంది. నులి తీయాలని సుత్తితో కొట్టడం వృథా, ఆ తీగ పనికిరాదు.

పాత కేబుల్‌నే మళ్ళీ వేసేటట్టయితే కిరసనాయిలులో కడిగి, అవుటరును కూడా నిలువుగా పట్టుకుని కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత లిథియం గ్రీసు. ఎంత? వేళ్ళకు రాసుకుని తీగను ఆ వేళ్ళ మధ్య లాగితే పట్టేంత, తీగ మెరిసేంత, అంతే. పై కొన నుంచి 20 సెంటీమీటర్ల మేర గ్రీసు తుడిచేయాలి. అక్కడ పెట్టిన గ్రీసు మే నెల ఎండకు కరిగి మీటరులోకి పోతుంది. అవుటరు నిండా గ్రీసు కూరితే మంచిదన్న నమ్మకం ఆటోనగర్‌లో ఇంకా పోలేదు. దాని ఫలితం మీటరు రిపేరు చేసేవారికి లాభం.

దారి ఎలా పట్టించాలంటే, ఏ వంపూ 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా తక్కువ ఉండకూడదు. రెండు నట్ల దగ్గరా 5 సెంటీమీటర్లు తిన్నగా రావాలి. సైలెన్సరుకు దూరంగా ఉండాలి. క్లిప్పులు తొడుగును నొక్కకూడదు, పట్టి ఉంటే చాలు. నట్లు చేతి బిగువు చాలు, ప్లయరు వద్దు. దమ్ము చక్రాలు వేసే బండికి కింది నట్టు పైన రబ్బరు తొడుగు పెట్టుకుంటే బురద నీళ్ళు ఎక్కవు. షెడ్డులో ఎలుకలుంటే ప్లాస్టిక్ తొడుగు కొరికేస్తాయి. ఆ చిల్లులోంచి నీళ్ళు పోయి లోపల తుప్పు పడుతుంది, పైకి మాత్రం కేబుల్ కొత్తదిలాగే ఉంటుంది.

మీటరు విప్పితే

అద్దం చుట్టూ ఉన్న లోహపు చట్రం (బెజెల్) కొన్నిటిలో చెవులు కలిపి తిప్పితే వస్తుంది. కొన్నిటిలో అంచు మడిచి ఉంటుంది, మొద్దు స్క్రూడ్రైవరుతో చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి, ఒకేచోట లేపితే అద్దం పగులుతుంది. ముల్లు పీకేముందు ఒక పని తప్పనిసరి. ముల్లు సున్నా దగ్గరి పిన్నుకు ఆని ఉంటుంది, దాని వెనక స్ప్రింగు కొద్దిగా బిగిసి ఉంటుంది. ముల్లును పిన్ను మీదుగా ఎత్తి వదిలితే అది స్ప్రింగు సహజంగా నిలిచే చోట ఆగుతుంది. ఆ చోటు డయల్ మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. తిరిగి వేసేటప్పుడు ముల్లును ఆ గుర్తు మీదే కూర్చోబెట్టి, తర్వాత పిన్ను దాటించాలి. ఇది తెలియక సున్నా మీద నేరుగా గుచ్చితే మీటరు అన్ని వేగాల్లోనూ ఒకేలా తప్పు చూపిస్తుంది.

గిన్నె, అయస్కాంతం మీది ఆయిల్‌ను పెట్రోలులో తడిపిన మెత్తటి బ్రష్‌తో కడగాలి. దగ్గర్లో నిప్పు, బీడీ ఉండకూడదు. అయస్కాంతానికి అంటుకున్న ఇనుప రజను ఊదితే పోదు, జిగురు టేపుతో అద్ది తీయాలి. వెంట్రుక స్ప్రింగును వేలితో గానీ పట్టకారుతో గానీ తాకొద్దు. అయస్కాంతపు షాఫ్టు బుష్‌కు కుట్టు మిషను ఆయిల్ ఒకటి, రెండు చుక్కలు. ఊలు వత్తి ఉంటే అది తడిస్తే చాలు. గ్రీసు మాత్రం వద్దు.

అయస్కాంతం పక్కన పలుచటి లోహపు బిళ్ళ ఏదైనా కనిపిస్తే అది వృథా ముక్క కాదు. అల్యూమినియం వేడెక్కితే ప్రతి డిగ్రీకి దాని విద్యుత్ నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల్లో సరిగ్గా ఉన్న మీటరు విజయవాడ వేసవి 45 డిగ్రీల్లో, ఏ సవరణా లేకపోతే, గిన్నె మూలంగానే 7 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. అంటే 2000 దగ్గర దాదాపు 150 తేడా. మంచి మీటర్లలో ఆ నికెల్ ఇనుము బిళ్ళ ఈ తేడాను సరిదిద్దుతుంది. దాన్ని తీసి పారేసిన మీటరు జనవరిలో ఒకటి, మే నెలలో ఒకటి చెబుతుంది.

సరిచూడటం

పుల్లీ మీద మెరిసే స్టిక్కరు అంటించి చూసే డిజిటల్ టాకోమీటరు ఉంటే పని సులువు. లేకపోయినా మార్గముంది. గుంటూరు శీతల గిడ్డంగుల్లో ఉండే రకం నాలుగు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) జనరేటరు 50 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా 1500 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. ప్యానెల్లోని ఫ్రీక్వెన్సీ మీటరు 50 చూపిస్తుంటే ఆర్‌పీఎం మీటరు 1500 చూపాలి. 48 హెర్ట్జ్ అయితే 1440.

ట్రాక్టరుకు పాత చోకు ట్యూబులైటు చాలు. కరెంటు స్తంభం నుంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు మీద అది సెకనుకు 100 సార్లు మినుకుతుంది. చీకటి పడ్డాక క్రాంక్ పుల్లీ మీద సుద్దతో ఒక గీత గీసి ఆ వెలుతురులో చూడండి. 1000 ఆర్‌పీఎం దగ్గర ఆరు గీతలు, 1500 దగ్గర నాలుగు, 2000 దగ్గర మూడు గీతలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. గీతలు పుల్లీ తిరిగే వైపే మెల్లగా జరుగుతుంటే వేగం కాస్త ఎక్కువ, వెనక్కి జరుగుతుంటే తక్కువ. ట్యూబులైటును పరీక్షిస్తున్న జనరేటరుకే తగిలిస్తే ఏ వేగంలోనైనా గీతలు నిలిచే ఉంటాయి, పరీక్ష దండగ. ఎల్‌ఈడీ బల్బులు చాలావరకు పనికిరావు. నిలిచినట్టు కనిపించే పుల్లీ నిజానికి తిరుగుతోందని మరిచి చెయ్యి పెట్టకూడదు.

ఇప్పుడు 1000 దగ్గరా 2000 దగ్గరా తేడా రాసుకోండి. రెండు చోట్లా 100 తక్కువగా ఉంటే ముల్లు కూర్చున్న చోటు తప్పు, ముల్లు జరిపితే సరిపోతుంది. 1000 దగ్గర 100, 2000 దగ్గర 200 తక్కువగా ఉంటే అయస్కాంతం బలం తగ్గింది. దీన్ని ముల్లు జరిపి సరిచేస్తే ఒక వేగంలో సరిపోయి మిగతావన్నీ తప్పుతాయి. అయస్కాంతానికి మళ్ళీ బలం పట్టించే పరికరం ఉన్న మీటరు దుకాణానికి పంపడమే దారి.

మీటరు పెట్టె మొత్తం మార్చాల్సి వస్తే పాత మీటరులో ఆగిన గంటలను తారీఖుతో సహా టూల్ బాక్సు మూత లోపల పెయింటుతో రాసుకోండి. కొత్త మీటరులో పడిన గంటలకు వాటిని కలిపితేనే తర్వాతి ఆయిల్ మార్పు ఎప్పుడో లెక్క తేలుతుంది.